మోకాలి ఎత్తు

ఏంటీ, మళ్లీ చెప్పు? వినబడక కాదే, శుభ్రంగా విన్నాను. ఇంకోసారి నీ నోటితోనే అంటే అప్పుడైనా నీకే నవ్వొస్తుందేమోనని అడిగాను. "ఆటలాడేవాళ్లకి అది ముందే పోతుందంట అమ్మమ్మా, నేను చిన్నప్పట్నించీ ఆడేదాన్నే కదా, కాబట్టి నాకేం భయం లేదంట." అంతేనా? ఎవరు చెప్పారు? నీ స్నేహితురాలు. దానికి? వాళ్లమ్మ. సరే, వాళ్లమ్మకి ఎవరు చెప్పారో నేను చెప్తాను, కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతోంది, ఆ టీ గ్లాసు తీసుకుని ఇటు మంచం మీదకి రా. తలుపు ఎందుకు వేస్తున్నావ్? తీసే ఉంచు. ఎవరైనా వింటే విననీ. ఇన్నేళ్లూ తలుపులేసుకుని గుసగుసలాడుకోబట్టే కదా ఈ దరిద్రం ఇంకా మనల్ని వదల్లేదు. చదువుకున్నావు, ఉద్యోగం చేస్తున్నావు, అరచేతిలో ప్రపంచమంతా చూస్తావు, రేపోమాపో పెళ్లి కూడా చేసుకోబోతున్నావు, చివరికి వచ్చి నన్నడిగే ముక్క ఇదా తల్లీ! మా ఆడపడుచు బతికుంటే ఆ విజిల్ తెచ్చి నీ చెవిలో ఊదేది.

అదేనే, మీ తాతయ్య చెల్లెలు. నువ్వు పుట్టకముందే పోయిందిలే. ఆడపిల్లల స్కూల్లో ఆటల టీచరు. ఊరంతా విజిల్ టీచరు అనేవాళ్లు, అసలు పేరు చెప్తే ఎవరికీ తెలియదు. తాటిచెట్టంత మనిషి. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కాళ్లకి కాన్వాసు బూట్లు వేసుకుని రోడ్డు మీద నడుస్తుంటే సైకిళ్లవాళ్లు పక్కకి తప్పుకునేవాళ్లు. మెళ్లో ఎప్పుడూ ఆ విజిలే. స్నానాల గదిలోకి వెళ్లి తువ్వాలు మర్చిపోతే "వదినా" అని పిలవచ్చు కదా, ఉహూ, లోపల్నించి విజిల్ ఊదేది. నేను కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఒకసారి అలా ఊదితే భయపడి చేతిలో గిన్నె వదిలేశాను. మీ తాతయ్యకి మాత్రం చెల్లెలంటే ప్రాణం. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక లేదండీ" అనేది. నిజంగానే తీరిక లేదు. పొద్దున్నే గ్రౌండు, సాయంత్రం గ్రౌండు. సెలవు రోజున కూడా గ్రౌండే.

ఆ గ్రౌండు ఏదో ఆకాశం నుంచి ఊడిపడిందనుకునేవు. స్కూలు వెనకాల ఇటుక ముక్కలు, పెంకులు, విరిగిపోయిన బల్లలు పారేసే చోటు అది. అక్కడ హై జంప్‌కి ఇసుక గుంట కావాలంది. హెడ్‌మిస్ట్రెస్ "చూద్దాం" అంది. చూద్దాం అంటే తెలుసుగా, ఇక చూడరనే అర్థం. ఈవిడ పార పట్టుకుని తనే దిగింది. పిల్లల కాళ్లకి రాళ్లు గుచ్చుకుంటాయని ఆ ఇసుకంతా జల్లెడ పట్టింది. దేంతో అనుకున్నావ్? నా పిండి జల్లెడతో! నేను వంటింట్లో జల్లెడ కోసం గిన్నెలన్నీ కిందపడేసి వెతుక్కుంటుంటే, అది అక్కడ గుంట గట్టున బోర్లా పడుంది. నాలుగు రోజులు మాట్లాడలేదు నేను. తర్వాత ఒక సాయంత్రం పోయి చూశాను. రెండు గుంజలు, వాటికి వరసగా మేకులు, మధ్యలో ఒక వెదురు కర్ర. ఆడపిల్లలు ఒక్కొక్కరూ పరిగెత్తుకుంటూ వచ్చి దాని మీంచి ఎగిరి అవతల పడుతున్నారు. పడి నవ్వుతున్నారు. ఏమో, నాకు కోపం పోయింది. నేను చిన్నప్పుడు అలా ఎగరలేదు కదా అని కాస్త కుళ్లు కూడా పుట్టింది.

అందులో టైలరు కూతురు ఒకతి ఉండేది. సన్నగా, పొడుగ్గా, మోకాళ్లూ మోచేతులే తప్ప మరేం కనబడని పిల్ల. మిడత అని పేరు పెట్టారు. అబ్బ, ఎలా ఎగిరేదనుకున్నావ్! కర్రని తాకేది కాదు. మిగతా పిల్లలు తగిలి కింద పడేసేవాళ్లు, కొందరు కర్రతో సహా పడేవాళ్లు. ఇది మాత్రం కర్రకి తెలియకుండా దాటేది. మా ఆడపడుచు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా దాని గురించే. "వదినా, ఇవాళ మిడత ఇంకో మేకు పైకెక్కింది." నేనేమో "తిను తల్లీ, చల్లారిపోతోంది" అనేదాన్ని. స్కూలు అయిపోయాక ఆ పిల్ల పై చదువు కొంచెం చదివి, తండ్రి షాపులో కాజాలు కుట్టేది. అయినా సాయంత్రమయితే చాలు గ్రౌండుకొచ్చి చిన్నపిల్లలకి నేర్పేది. తర్వాత, ఇరవై రెండో ఇరవై మూడో వచ్చాక, ప్రింటింగు ప్రెస్సు వాళ్లబ్బాయితో పెళ్లి కుదిరింది. మంచి సంబంధమే. అబ్బాయి నోట్లో నాలుక లేనివాడు, అదొక్కటే లోటు. ఆ నాలుక కూడా వాళ్లమ్మ నోట్లోనే ఉండేది.

ఇదిగో, ఇక్కడి నుంచే మొదలు. పెళ్లయిన మర్నాడు పొద్దున్నే ప్రెస్సావిడ, అదే అత్తగారు, కొత్త కోడల్ని వెంటబెట్టుకుని టైలరు షాపు ముందు దిగింది. చేతిలో ఆ పిల్ల పెట్టె. షాపులో సగం కుట్టిన జాకెట్లు, దారం ముక్కలు, గోడకి కొలతల టేపు. వాటి మధ్యలో స్టూలు లాక్కుని కూర్చుని "మీ పిల్ల సంగతి ఏంటో మీకే తెలియాలి" అంది. ఏమైందమ్మా అంటే ఏమీ కాలేదంది. ఏమీ కాకపోవడమే ఏదో అయినట్టు! రక్తం కనబడలేదట. ఈవిడ వెళ్లి పక్క దుప్పటి చూసిందట. తెల్లారి లేచి ముందు చేసిన పని అదీ. టైలరు చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. భార్య ఏడుపు అందుకుంది. అబ్బాయి రాలేదు. ఎందుకు రాలేదంటే "వాడికి ఈ విషయాలు తెలియవు" అందిట ఆవిడ. రాత్రి గదిలో ఉన్నది ఎవరే మరి! నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది తలుచుకుంటే.

అందరూ కలిసి ఆ పిల్లని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లారు. డాక్టరమ్మ మా ఇంటికి వస్తూ పోతూ ఉండే మనిషే, మా ఆడపడుచుకి స్నేహితురాలు. ఆవిడ విషయం విని, "చూసి చెప్పడానికి అక్కడ ఏమీ ఉండదు, నేను చూడను, పిల్లని ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టండి" అంది. అంతకన్నా తిన్నగా ఎవరు చెప్తారు? దానికి ప్రెస్సావిడ ఏమందో విను. బయటికొచ్చి మెట్ల మీదే అంది, "చూడను అందంటే, చూస్తే ఏదో బయటపడుతుందనేగా!" ఏం చెప్తావ్ ఇలాంటివాళ్లకి? ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం.

నీకు సరిగ్గా తెలియదు కాబట్టి మధ్యలో ఇది చెప్పి తీరాలి. తల దించుకోకు, ఇటు చూడు. డాక్టరమ్మ మాకు తర్వాత విడమరిచి చెప్పింది, ఇదే మంచం మీద కూర్చుని, జడకున్న రబ్బరు బ్యాండు తీసి మరీ చూపించింది. "కన్నెపొర, కన్నెపొర అని ఆ పేరొకటి పెట్టి చంపుతున్నారు. పొర అనగానే పచ్చడి జాడీకి గుడ్డ కట్టినట్టు ఏదో మూత ఉంటుందనుకుంటారు. మూత ఉంటే నెలనెలా అయ్యేది ఎలా అవుతుంది? అది మూత కాదు, తాళం అంతకన్నా కాదు. దారి చుట్టూ ఉండే మెత్తటి అంచు. ఇదిగో, ఇలా సాగుతుంది. ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, కొందరికి ఉండీ లేనట్టు ఉంటుంది. మొదటిసారి కొందరికి కాస్త రక్తం వస్తుంది, చాలామందికి రాదు. వస్తే ఒకటీ కాదు, రాకపోతే ఒకటీ కాదు. దాన్ని చూసి ఈ పిల్ల ఎవరితోనైనా ఉందా లేదా అని చెప్పడం ఏ డాక్టరు వల్లా కాదు. చెప్పగలనన్నవాడు అబద్ధాలకోరు." విన్నావా? మరి ఆటల సంగతేంటమ్మా అని నేనే అడిగాను. "పరిగెత్తితే, దూకితే, సైకిలు తొక్కితే ఊడి పడిపోవడానికి అదేమన్నా చొక్కా గుండీనా?" అంది. అదీ సంగతి. ఇంకేమన్నా సందేహాలుంటే ఇప్పుడే అడుగు. లేవా? మంచిది.

సరే, టైలరు పెళ్లాం ఏడ్చుకుంటూ గ్రౌండుకొచ్చింది. "టీచరమ్మా, మీ మాట నలుగురూ వింటారు, మీరొచ్చి చెప్పండి" అంది. మా ఆడపడుచు పిల్లల్ని పంపించేసి, ఆ బూట్లతోనే టైలరు షాపుకి వెళ్లింది. వెళ్లి మొదట నిజమే చెప్పింది. అందరికీ రాదండీ, డాక్టరమ్మ చెప్పింది కదండీ, మీ కోడలు బంగారం లాంటి పిల్ల అండీ, అని ఎంతో నచ్చజెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ప్రెస్సావిడ పమిట సర్దుకుని, "చదువుకున్నవాళ్లు మీరు, ఎన్నైనా చెప్తారు. పెళ్లీ పెటాకులూ లేని మీకేం తెలుసు ఈ సంగతులు?" అంది. ఆ మాటనీ పక్కన పెట్టి మా ఆడపడుచు మళ్లీ మొదటి నుంచి చెప్పబోయిందట. ప్రెస్సావిడ లేచి, పెట్టె ఇటు తోసి, "ఉంచుకోండి మీ పిల్లని" అనేసరికి మాత్రం, గోడ దగ్గర నిలబడ్డ మిడత మొహం చూసిందట. ఏడవట్లేదట ఆ పిల్ల. పళ్లు బిగబట్టుకుని దారపు ఉండల్ని రంగుల వారీగా సర్దుతోందట. అంతే, మా ఆడపడుచు నోటి నుంచి వచ్చేసింది. "మీ కోడలు నా దగ్గర హై జంప్ చేసేది. ఒకసారి కర్ర మీద పడింది. అప్పుడు దెబ్బ తగిలి రక్తం వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఇంకేం సాక్ష్యం కావాలి మీకు?"

ప్రెస్సావిడ మొహం విచ్చుకుంది చూడూ! "అయ్యో, ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా! ఇంత రాద్ధాంతం దేనికి!" అని, రాద్ధాంతం చేసింది వీళ్లన్నట్టు వీళ్లనే తప్పు పట్టి, ఆ పెట్టె తనే అందుకుని, కోడలి భుజం మీద చెయ్యేసి తీసుకెళ్లిపోయింది. నిజం గంటసేపు చెప్తే గుమ్మం దాటలేదు, అబద్ధం ఒక్క నిమిషంలో లోపలికెళ్లి పీట వేసుకుని కూర్చుంది. మిడత మెట్లు దిగుతూ వెనక్కి తిరిగిందట. థాంక్స్ చెప్తుందనుకుంది మా ఆడపడుచు. "నేనెప్పుడూ కర్ర మీద పడలేదు టీచర్" అందట. కోపంగా. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు ఈవిడ. "దాని కాపురం నిలబెట్టాను వదినా, కానీ దాని జంప్ పాడుచేశాను" అంది. నాకప్పుడు అర్థం కాలేదు. కాపురం ముందు జంపేంటి తల్లీ అన్నాను.

తర్వాత జరిగింది చెప్తే నవ్వుతావు. నవ్వు, కానీ చివరిదాకా నవ్వలేవు. ప్రెస్సావిడ ఊరుకునే మనిషా? కోడల్ని పుట్టింటికి తీసుకెళ్లి మళ్లీ తెచ్చిందని నలుగురూ చూశారుగా. పరువు కాపాడుకోవాలి. ఎదురొచ్చినవాళ్లందరికీ చెప్పింది. "పాపం మా కోడలికి ఆటల్లో అయిందటండీ. టీచరే చెప్పింది. ఆటలాడే పిల్లలకి ఉండదటండీ." వారం తిరక్కుండా గోరంత కొండంతయింది. ఇక చూడు, అమ్మలు ఒకరి తర్వాత ఒకరు గ్రౌండు గేటు దగ్గర. "మా అమ్మాయికి ఒంట్లో బాగాలేదండీ." "మా అమ్మాయికి ఎండ పడదండీ." ఆ తర్వాత అబద్ధాలు కూడా మానేసి, "మాకు ఆడపిల్ల అండీ, రేపు పెళ్లి చెయ్యాలి" అనడం మొదలుపెట్టారు. ఒకావిడ తాడాట మాన్పించింది. ఇంకొకావిడ మెట్లు రెండేసి ఎక్కవద్దంది. టైలరు దగ్గర కుట్టు నేర్చుకునే పిల్ల తల్లి వచ్చి, మిషను కాలితో తొక్కితే ప్రమాదమా, చేత్తో తిప్పేది కొనమంటారా అని అడిగింది! ఊరి చివర్నించి సైకిలు మీద వచ్చే అక్కాచెల్లెళ్లని సైకిలు ఎక్కొద్దన్నారు. నడిచి రావడానికి దూరం. దాంతో బడికి రావడమే మానేశారు. చదువే పోయింది, వినబడుతోందా? చదువు! అప్పుడే నేను నవ్వడం మానేశాను.

అన్నిటికన్నా తలకాయ నొప్పి ఏంటో తెలుసా, కొందరు తల్లులు మంచివాళ్లు. పిల్లలు ఆడుకోవాలనే ఉంది, భయమూ ఉంది. వాళ్లు వచ్చి మా ఆడపడుచుని ఏమడిగారంటే, "ఎంత ఎత్తు వరకైతే పర్వాలేదు టీచరుగారూ?" అట! ఎత్తు! కొలత కావాలి వాళ్లకి! ఈవిడ నెత్తి కొట్టుకుంది. కానీ హెడ్‌మిస్ట్రెస్ కొట్టుకోలేదు, ఆవిడకి ఆ ప్రశ్న చాలా సబబుగా తోచింది. మీటింగు పెట్టి, ఆలోచించి, మోకాలి ఎత్తు అని తేల్చింది. కర్ర మోకాలి ఎత్తు దాటకూడదు. గుంజలకున్న పై మేకులు ప్యూనుతో పీకించింది. నేను చూశానే ఆ భాగ్యం. ఎదిగిన పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి, గుమ్మం దాటినట్టు అలా కాలెత్తి కర్ర దాటి అవతల నిలబడుతున్నారు. ఇసుక ఎందుకు దానికి? జల్లెడ ఎందుకు? పిల్లలకే సిగ్గేసింది, నాలుగు రోజులకి ఒక్కరూ మిగల్లేదు.

ఆగు, ఇంకో రకం కూడా ఉన్నారు. ఒకరోజు మధ్యాహ్నం బట్టల కొట్టావిడ కూతుర్ని తీసుకుని ఇంటికే వచ్చింది. ఆ పిల్ల జన్మలో గ్రౌండు తొక్కలేదు, మా వాకిట్లో రెండు మెట్లెక్కితే ఆయాసపడింది. తల్లి గొంతు తగ్గించి, "ఒక్కసారి మా అమ్మాయి చేత కూడా దూకించండి టీచరుగారూ, నలుగురూ చూసేలా. రేపు ఎవరైనా ఏదైనా అంటే మీరు చెప్పడానికి ఉంటుంది" అంది. ముందు జాగ్రత్తట! మా ఆడపడుచు విజిల్ అందుకుంది. ఊదలేదులే, పళ్లతో కొరికింది. వాళ్లు వెళ్లాక గోడకి విసిరికొట్టింది. నేనే ఏరి తెచ్చాను.

డాక్టరమ్మ వచ్చి తిట్టింది. "నువ్వు ఒక అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో కొట్టావు. ఇప్పుడు రెండూ బతికున్నాయి. పైగా నీదానికి వయసులో ఉన్న బలం ఉంది." ఈవిడకేమో ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెప్తే మిడత పెట్టె మళ్లీ టైలరు షాపుకొస్తుంది. చెప్పకపోతే ఊళ్లో ఆడపిల్లలందరూ కాళ్లు దగ్గరపెట్టుకుని కూర్చుంటారు. గుంట పూడ్చి పైన సిమెంటు వేసి టీచర్ల బళ్లు పెట్టుకునే షెడ్డు కట్టాలని హెడ్‌మిస్ట్రెస్ అప్పటికే అనుకుంటోంది. మా ఆడపడుచు సాయంత్రాలు ఊరికే వెళ్లి ఆ గట్టు మీద కూర్చునేది. పిల్లలు లేరు, ఏం లేదు. నేను వెళ్లి పిలుచుకొచ్చేదాన్ని. అంత పొడుగు మనిషి, అలా చిన్నదైపోయి కూర్చుంటే చూడలేకపోయేదాన్ని.

చివరికి ప్రెస్సుకే వెళ్లింది, మిడతని అడగడానికి. ఆ పిల్ల అక్కడ అచ్చయిన కాగితాలు మడతలు పెడుతోందట, మిషను చప్పుడులో ఎవరికీ ఏమీ వినబడదు. "నేను నిజం చెప్పేస్తే నీ కాపురం ఏమవుతుందో తెలియదు. నువ్వు వద్దంటే ఈ జన్మకి చెప్పను" అందట ఈవిడ. మిడత మడత ఆపకుండానే, "చెప్పండి టీచర్. నేను పడ్డానని ఊరంతా అనుకుంటోంది. మా నాన్న షాపులో మిషను ఖాళీగానే ఉంది" అందట. ఎంత ధైర్యమే ఆ పిల్లకి! ఇంటికొచ్చి ఈ మాట నాకు చెప్తూ మా ఆడపడుచు ఏడ్చింది. అది ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

అప్పుడు స్కూలు హాల్లో తల్లుల మీటింగు. గుంట పూడ్చడం గురించే. నేనూ వెళ్లాను, తోడుగా. ప్రెస్సావిడ ముందు వరసలో, పక్కన కోడలు. మా ఆడపడుచు లేచి నిలబడింది. విజిల్ తీసి బల్ల మీద పెట్టింది. "ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. ఆ అమ్మాయి కర్ర మీద ఎప్పుడూ పడలేదు. ఆటలకీ దానికీ సంబంధం లేదు. ఏ తప్పూ చెయ్యని పిల్లకి కూడా రక్తం రాకపోవచ్చు. అది చెప్తే మీరు నమ్మలేదని అబద్ధం చెప్పాను. నాదే తప్పు." డాక్టరమ్మ కూడా లేచి అవునంది. ఇప్పుడు ప్రెస్సావిడ లేస్తుంది, పెట్టె తెప్పిస్తుంది, అయిపోయింది అనుకున్నాను.

లేచింది. లేచి, నవ్విందే! "పాపం, ఆటలు తీసేస్తే ఆవిడ ఉద్యోగం ఏమవుతుంది? అందుకని మాట మారుస్తోంది. మనం అర్థం చేసుకోవాలి" అంది. హాలంతా తలలూపారు. వెనకనించి ఎవరో, "స్నేహితురాలు కదా, డాక్టరమ్మ వత్తాసు పలక్క ఏం చేస్తుంది" అన్నారు. అప్పుడు మిడత లేచింది. "అత్తయ్యా, నేను పడలేదు" అంది. అందరికీ వినబడేలా. ప్రెస్సావిడ దాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఎంత ప్రేమగానో, "నీకు గుర్తుండదులేమ్మా, చిన్నప్పుడు కదా" అంది! నేనేం చెప్పనే? దాని ఒంటికి జరిగింది దానికి గుర్తుండదట, ఈవిడకి గుర్తుందట! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. అంత భయపడ్డామా, ఆ పిల్ల కాపురానికి వీసమెత్తు నష్టం రాలేదు. నిజం ఎవరూ నమ్మలేదు కాబట్టి! గుంట మాత్రం పూడ్చేశారు. సిమెంటు వేశారు, రేకులు వేశారు. మా ఆడపడుచుకి కుట్లూ అల్లికలూ క్లాసు ఇచ్చారు. అల్లికలు! దానికి సూదిలో దారం ఎక్కించడం రాదు. పిల్లలే ఎక్కించి ఇచ్చేవాళ్లు.

రిటైరయ్యాక కాస్త తెరిపిన పడింది. మిడత తన కూతుర్ని తీసుకుని ఆదివారాలు మా పెరట్లోకి వచ్చేది. పెరట్లో బట్టలారేసే తాడు ఉండేది కదా, దాన్ని కిందకి దించి కట్టి, పాత పరుపు ఒకటి వేసి, పిల్ల చేత దూకించేవాళ్లు ఇద్దరూ. నా బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలో ఎవరూ అడగలేదు. పోనీలే అనుకున్నాను, నవ్వులు వినబడుతున్నాయి కదా. ఒక ఆదివారం ప్రెస్సావిడ కూడా వచ్చింది, మనవరాలిని చూద్దామని. ఇదిగో, ఇప్పుడు గొడవ చేస్తుంది అనుకుని నేను అట్లకాడ పట్టుకునే బయటికొచ్చాను. ఏమీ అనలేదు. కుర్చీలో కూర్చుని ముచ్చటగా చూసింది. వెళ్లేటప్పుడు మా ఆడపడుచు చెయ్యి పట్టుకుని, "దూకనివ్వండమ్మా, నేనేం అడ్డు చెప్పను. ఎప్పుడైనా పడితే మాత్రం కాస్త నలుగురి చెవినా వెయ్యండి. మీ నోటి మాటకి విలువ ఉంది, రేపు పెళ్లప్పుడు పనికొస్తుంది" అంది. మా ఆడపడుచు ఆవిణ్ని గుమ్మం దాకా సాగనంపింది. తర్వాత లోపలికొచ్చి మంచినీళ్ల బిందె దగ్గర నిలబడి, నీళ్లు ముంచుకోకుండానే, "వదినా, నేనేం చేశాను?" అంది.

పోయినప్పుడు ఊరంతా వచ్చింది. పెద్దగా జబ్బేం చెయ్యలేదులే, పొద్దున్న లేవలేదు, అంతే. ఇదిగో, ఈ ముందు గదిలోనే పడుకోబెట్టాం. వాకిలంతా జనం. తను నేర్పిన పిల్లలు, వాళ్ల పిల్లలు. అందరి ముందుకీ వచ్చి ప్రెస్సావిడ ఏడ్చింది. ఉత్తుత్తి ఏడుపు కాదు, అది నేను కాదనను, నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంది. కాళ్ల దగ్గర కూర్చుని, "మహాతల్లి! ఆ రోజు నోరు తెరిచి నిజం చెప్పింది, మా ఇల్లు నిలబెట్టింది. ఆవిడ నిజం చెప్పకపోతే ఒక ఆడపిల్ల బతుకు ఏమయ్యేది!" అంది. చుట్టూ ఉన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటూ, అవును, నిజం చెప్పింది, నిజం చెప్పింది అన్నారు. జీవితమంతా నిజం తప్ప మాట్లాడని మనిషి. ఆ ఒక్క అబద్ధం పట్టుకుని, దాన్నే నిజమని పేరు పెట్టి పొగుడుతున్నారు. అదీ దాని శవం ముందు.

నేను ఊరుకోలేకపోయాను. లేచి నిలబడి అరిచాను. "అబద్ధం! అది చెప్పింది అబద్ధం! ఏ పిల్లా ఎక్కడా పడలేదు, ఎవరికీ ఏమీ పోలేదు, మీకు మతులు పోయాయి!" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. ఒక్క క్షణం, ఒక్క క్షణం విన్నారనుకున్నానే. అప్పుడు ఎవరో, "పాపం, వదినా మరదళ్లు అక్కచెల్లెళ్లలా ఉండేవాళ్లు, దుఃఖంలో ఏదో మాట్లాడుతోంది. కాసిని మంచినీళ్లివ్వండి" అన్నారు. ఇచ్చారు. నా చేతిలో గ్లాసు పెట్టి, వీపు నిమిరి కూర్చోబెట్టారు. పక్కన మిడత ఉంది. అది నా వంక చూసింది, నేను దాని వంక చూశాను. సగం నేను తాగి, మిగతా సగం దానికిచ్చాను. అదీ తాగింది.

ఏం చూస్తున్నావ్ అలా? టీ తాగు, చల్లారిపోయింది.